చెప్పినవారు: చెల్లెలు

మా పెద్దక్క రఫూ పని చేసేది. రఫూ అంటే చిరిగిన చోట అతుకు వేసి కుట్టడం కాదు. అదే బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగి, ఆ పోగులతోనే కన్నం మీద మళ్ళీ నేత నేయడం. పని కుదిరితే కన్నం ఎక్కడుండేదో బట్ట తెచ్చిన మనిషికే తెలియకూడదు. "ఎక్కడ బాగుచేశారమ్మా, చూపించండి" అని ఎవరైనా అడిగితే పెద్దక్క కోటును అటూ ఇటూ తిప్పి, "నాకూ కనపడటం లేదండీ" అనేది. ఆవిడకి వచ్చిన జోకు అదొక్కటే. ఇరవై రెండేళ్ళు దాన్నే వాడుకుంది.

డ్రైక్లీనింగ్ కార్ఖానా పై అంతస్తులో, వెలుతురు వాలుగా పడే కిటికీ పక్కన ఆవిడ బల్ల. కింద ఆవిరి ఇస్త్రీలు రోజంతా బుసకొడుతుండేవి. ఆ వేడి మెట్లెక్కి పైకి వచ్చేది. పనిలో ఉన్నప్పుడు పెద్దక్క మూడు నాలుగు సూదులకు ఒక్కోదానికి ఒక్కో రంగు పోగు ఎక్కించి పెదాల మధ్య పెట్టుకునేది. కార్ఖానాలో అందరూ సూదమ్మ అనేవాళ్ళు. నోట్లో సూదులున్న మనిషిని ఎవరేమడిగినా పక్కవాళ్ళే జవాబు చెప్పాలి. ఆ పక్కవాళ్ళు ఎప్పుడూ మా చిన్నక్కే.

చిన్నక్క కింద కౌంటర్లో కూర్చునేది. బట్టలు తీసుకుని, మరకలు చూసి, చీటీ కట్టి పైకి పంపేది. పంపి ఊరుకునేది కాదు, రోజుకి పదిసార్లు తనూ పైకి వచ్చేది. "అక్క మంగళవారానికి ఇచ్చేస్తుందండీ." "అక్కకి టీ వద్దు, పొద్దున్నే తాగింది." "అక్కకి ముదురు నీలం కావాలట, ఈ నీలం కాదు." పెద్దక్క తలూపేది. చిన్నక్క చెప్పింది ఎప్పుడూ సరిగ్గానే ఉండేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మెల్లగా ఇంట్లోనూ అదే అలవాటైంది. నోట్లో సూదులు లేకపోయినా సరే, "ఒంట్లో ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే పెద్దక్క ముందు చిన్నక్క వైపు చూసేది. "ఇద్దరికీ కలిపి ఒకటే నోరు" అని అమ్మ నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం.

పెద్దక్క భర్త పెళ్ళయిన మూడో ఏటే పోయాడు. పిల్లలు లేరు. ఆవిడా నేనూ ఒక ఇంట్లో ఉండేవాళ్ళం. చిన్నక్కా బావా అదే వీధి చివర. బావ ఆ కార్ఖానాకే మేనేజరు. నేను ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దేవాణ్ణి. ఎంత గజిబిజి రాతైనా చదివేస్తానని నాకో చిన్న పేరు ఉండేది. ఆ పేరు నాకు లేకపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

పనిలో చేరిన ఇరవై రెండో ఏడాది పెద్దక్క కళ్ళజోడు మార్పించుకోవడానికి కంటి ఆసుపత్రికి ఒక్కతే వెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ అద్దాల సంగతి పక్కన పెట్టి కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూసింది. "కంట్లో ఊరే నీరు బయటికి పోయే సందు నీకు పుట్టుకతోనే ఇరుకమ్మా. ఏ కారణానికైనా కంటిపాప బాగా పెద్దదైతే ఆ సందు మూసుకుపోతుంది. లోపల ఒత్తిడి పెరిగి గంటల్లో చూపు దెబ్బతింటుంది. లేజరుతో చిన్న రంధ్రం పెడితే భయం తీరిపోతుంది, వచ్చే వారం రా. ఈలోగా కడుపునొప్పికి గానీ జలుబుకి గానీ ప్రయాణంలో వాంతులకి గానీ ఏ మాత్ర వేసుకోవాల్సి వచ్చినా, ముందు ఈ కంటి సంగతి చెప్పు. చెప్పకుండా వేసుకోకు" అంది.

ఈ సంగతి పెద్దక్క ఒక్క చిన్నక్కకే చెప్పింది. లేజరు రోజు తోడు రావాలి కదా అని. నాకు చెప్పలేదు. చెప్తే కంగారుపడి పుస్తకాలు తిరగేస్తానని అనుకుందట.

చిన్నక్క విని వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుందట. తర్వాత, "కోట్లు అయ్యాక వెళ్దాం అక్కా" అంది.

కోట్లంటే ఒక బ్యాండు బృందం వాళ్ళ ఉన్ని కోట్లు, నలభై. పెట్టెల్లో ఏళ్ళ తరబడి ఉండి చిమ్మటలు కొట్టేసినవి. జల్లెడ అనుకోండి. ఇంత పని ఎవరూ తీసుకోరు. బావ తీసుకున్నాడు, తేదీ చెప్పి మరీ తీసుకున్నాడు. అవతలి పేటలో కార్ఖానాకి కొత్త బ్రాంచి పెడుతున్నారు. దాన్ని ఎవరి చేతిలో పెట్టాలా అని పెద్దాయన, అంటే యజమాని, ఆలోచిస్తున్నాడు. ఈ కోట్లు వేళకి అందిస్తే బ్రాంచి బావదే.

"సూదమ్మకి కంటి జబ్బని పెద్దాయన చెవిన పడిందనుకో, పని రేపే ఇంకో కొట్టుకి పంపించేస్తాడు" అంది చిన్నక్క. "నెల రోజులే కదా. ఇన్నేళ్ళున్న సందు నెల రోజులు ఉండదా?"

"ఉంటుందిలే" అంది పెద్దక్క.

ఇరవయ్యో కోటు దగ్గర ఆవిడకి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. బల్ల మీద వంగి కూర్చుని కూర్చుని వచ్చిందని అనుకుంది. రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు సూది చేతిలోంచి జారిపోయింది.

కార్ఖానాకి వారానికి రెండుసార్లు ఒక డాక్టరు వచ్చేవాడు. గిడ్డంగి పక్క గదిలో కూర్చునేవాడు. ఆయన్ని అందరూ లిస్టు డాక్టరు అనేవాళ్ళు. "జలుబని వెళ్తే ముత్తాత జబ్బులన్నీ అడుగుతాడు" అని ఇస్త్రీ వాళ్ళ ఎగతాళి. "మాత్ర మింగే లోపు జలుబే విసుగెత్తి వెళ్ళిపోతుంది." ఆయన అడిగింది, విన్నది, ఆ జవాబు ఎవరు చెప్పారన్నది అన్నీ చీటీ మీద రాసేవాడు. దాని నకలు సిబ్బంది పుస్తకంలో అంటించేవాడు. ఆ పుస్తకం బావ బల్ల మీద ఉండేది. వారాంతంలో పెద్దాయన దాన్ని తిరగేసేవాడు. ఈ సంగతి కార్ఖానాలో అందరికీ తెలుసు. చిన్నక్కకి ఇంకా బాగా తెలుసు.

ఆ రోజు గదిలో జరిగింది నేను చూడలేదు. తర్వాత డాక్టరు చెప్పిందీ అక్కలు చెప్పిందీ కలిపి రాస్తున్నాను. ముగ్గురి మాటా ఇక్కడ ఒకటే.

డాక్టరు పొట్ట నొక్కి చూసి, బరువూ రక్తపోటూ చూడమని పెద్దక్కని నర్సు వెంట లోపలి గదిలోకి పంపాడు. తోడుగా వచ్చిన చిన్నక్క బల్ల ముందు కూర్చుంది.

"పేగుల్లో కండరం పట్టేసింది. అది వదులయ్యే మాత్ర రాస్తాను. కానీ ఇది అందరికీ పడే మాత్ర కాదు. కొన్ని అడగాలి, ఆవిడ రానీ."

"నన్నడగండి డాక్టరుగారూ. ఆవిడ సంగతులు ఆవిడ కన్నా నాకే బాగా తెలుసు."

బయట ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఆయన కలం తీశాడు. "కంట్లో ఒత్తిడి, గ్లాకోమా అని ఎవరైనా చెప్పారా?"

"లేదండీ. ఒక్కసారికే సూదిలో పోగు ఎక్కించే కళ్ళండీ అవి."

"మూత్రం కట్టినట్టు అవుతుందా? గుండె దడ? ఎప్పుడైనా పేగు అడ్డుపడటం?"

"ఏవీ లేవు."

"జలుబుకో నిద్రకో వేరే మాత్రలు వాడుతోందా? అవీ ఇవీ కలిస్తే మత్తు ఎక్కువవుతుంది."

"ఏ మందూ వాడదండీ, తలనొప్పికి కూడా."

ఆయన రాసుకున్నాడు. నోరు ఎండుతుంది, నీళ్ళు తాగించమన్నాడు. చెమట సరిగా పట్టదు, ఆవిరి ఇస్త్రీల వేడికి దూరంగా కూర్చోమన్నాడు. చూపు మసకేయవచ్చు, కళ్ళు తిరగవచ్చు, మందు ఎలా పడుతుందో తెలిసేదాకా సూదీ కత్తెరా పట్టొద్దన్నాడు. కన్ను నొప్పి పుట్టినా, దీపం చుట్టూ రంగుల వలయాలు కనపడినా మాత్ర ఆపేసి వెంటనే కంటి ఆసుపత్రికి పరిగెత్తమన్నాడు.

పెద్దక్క బయటికి వచ్చాక, "ఏమన్నాడే?" అని అడిగింది.

"నోరెండుతుందట. నీళ్ళు బాగా తాగమన్నాడు."

"కంటి సంగతి చెప్పావా?"

"అన్నీ అడిగాడులే, లిస్టు డాక్టరు కదా" అంది చిన్నక్క. అది అబద్ధం కాదు.

మందుల షాపుకి కూడా తనే వెళ్ళింది. అతను స్ట్రిప్పు కత్తిరించి కవర్లో వేస్తూ, "పెద్దవాళ్ళకా? కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నారా?" అని అడిగాడు. చిన్నక్క లేదని చెప్పింది.

మొదటి రోజు కడుపునొప్పి తగ్గింది. పెద్దక్క సంతోషపడింది. రెండో రోజు మధ్యాహ్నం పోగులు రెండేసి కనపడుతున్నాయని పని ఆపి ఇంటికి వచ్చేసింది. నేను ప్రెస్సు నుంచి వచ్చేసరికి మంచం అంచున కూర్చుని, కుడి కన్ను మీద అరచెయ్యి నొక్కి పట్టుకుని ఉంది. దీపం వేశాను.

"బల్బు చుట్టూ ఏమిట్రా ఆ రంగులు?" అంది.

బల్బు చుట్టూ నాకేమీ కనపడలేదు. ఆ తర్వాత వాంతులు. తల పగిలిపోతోందంది. చిన్నక్క వచ్చింది. వాంతి చూసి, "కడుపు ఇంకా కుదుటపడలేదు, రాత్రి మాత్ర వేసుకుని పడుకో" అని తనే మాత్ర చేతిలో పెట్టింది.

"కడుపు కాదే, కన్నే" అంది పెద్దక్క.

చిన్నక్క నా వైపు చూడలేదు. నీళ్ళ గ్లాసు అందించింది. పెద్దక్క మింగింది. రోజూ వినే మనిషి చెప్పిన మాట విన్నది, అంతే. నేను పక్కనే ఉండి కూడా వేసుకో అని గానీ వద్దు అని గానీ అనలేదు. కడుపు మాత్రకీ కంటికీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. చిన్నక్కకి తెలుసు. తెలిసి కూడా ఆ గ్లాసు ఎలా అందించిందో, ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను ఊహించలేను. ఒక్క మాత్రకి ఏమవుతుందిలే అనుకుని ఉంటుంది. అలా అనుకోవడం తప్ప నాకు వేరే దారి లేదు.

తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అదే డాక్టరమ్మ. చూడగానే గుర్తుపట్టింది. చుక్కలు వేశారు, ఇంజక్షన్ ఇచ్చారు, ఒత్తిడి దిగాక రెండు కళ్ళకీ లేజరు చేశారు. ఎడమ కన్ను నిలబడింది. కుడి కన్ను ఎదురుగా పెట్టిన వేళ్ళు లెక్కపెట్టగలదు, పోగులు లెక్కపెట్టలేదు. ఇక ఎప్పటికీ అంతేనని చెప్పారు.

"అంత చెప్పి పంపాను కదమ్మా. మాత్ర రాసినాయనకి చెప్పలేదా?" అంది డాక్టరమ్మ.

"చెప్పించాను" అంది పెద్దక్క.

డాక్టరమ్మ వెళ్ళిపోయాక మందుల కవరు తెమ్మంది. మాత్రలతో పాటు చీటీ అందులోనే ఉంది. చిన్నక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. "ఇప్పుడదెందుకక్కా, విశ్రాంతి తీసుకో" అంది.

"చదవరా" అంది పెద్దక్క. ఆవిడ రెండు కళ్ళ మీదా తడిబట్ట ఉంది.

విప్పాను. గొలుసుకట్టు రాత. మాత్ర పేరు చదివాను, ఎన్నిసార్లు వేసుకోవాలో చదివాను. తర్వాతి వరుస కళ్ళకి తగిలాక చీటీ చప్పుడయ్యేలా మడత సరిచేశాను. దాటేసి కిందిది చదివాను. "మూత్రం కట్టడం, లేదు. గుండె దడ, లేదు."

"మధ్యలో ఒకటి మింగేశావు" అంది పెద్దక్క. "అచ్చుతప్పులు దిద్దేవాడివి, వరుస మింగొచ్చురా?"

చదివాను. "కంటి ఒత్తిడి, లేదు." అట్టడుగున ఇంకోటి ఉంది. అదీ చదివాను. "చెప్పినవారు, చెల్లెలు."

పక్క మంచం ఆవిడ కమలాపండు ఒలుచుకుంటోంది. కాసేపటికి పెద్దక్క, "ఏమే, షాపులో కూడా అడుగుతాడు కదా. అడిగాడా?" అంది.

"అడిగాడు."

"ఏం చెప్పావు?"

చిన్నక్క ఏడవడం మొదలుపెట్టింది. మాటలకి తడుముకోవడం తనకి అలవాటు లేదు. "ఇంత అవుతుందనుకోలేదక్కా. ఆ పుస్తకంలో కన్ను అనే మాట పడిందంటే పని పోయేది. మా ఆయన ఎంత ఆశపెట్టుకున్నాడో నీకు తెలుసు. నీ కోసం కూడానే. పని లేకపోతే నువ్వేం చేసేదానివి?"

"ఒక్కసారైతే నోరు జారిందనుకునేదాన్ని" అంది పెద్దక్క.

కార్ఖానాలో కథ వేరేలా పాకింది. లిస్టు డాక్టరు తప్పు మాత్ర ఇచ్చి సూదమ్మ కన్ను తీశాడని. ఇస్త్రీ వాళ్ళు ఆయన గదికి వెళ్ళడం మానేశారు. ఒకరోజు ఎవరో ఆయన తలుపు మీద బొగ్గుతో కన్ను బొమ్మ గీశారు. డాక్టరు పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "నేను అడిగాను, లేదన్నారు, సిబ్బంది పుస్తకం తెప్పించండి" అన్నాడు. తెప్పించారు. ఆ పేజీ లేదు. కుట్టు దగ్గర చిన్న కాగితం ముక్క మాత్రం మిగిలి ఉంది. ఎవరు చింపారో నేను చూడలేదు. చూడనిది రాయను. పుస్తకం ఎవరి బల్ల మీద ఉండేదో ముందే రాశాను.

పెద్దక్కని పిలిపించారు. వెళ్ళే ముందురోజు చిన్నక్క మా ఇంటికి వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది.

"ఆయన నిన్ను అడగలేదు కదక్కా."

"ఎవరు?"

"డాక్టరు. నిన్ను లోపలికి పంపేశాడు. 'నన్ను అడగలేదు' అని నువ్వు చెప్తే అబద్ధం కాదు కదా. ఆ ఒక్క ముక్క చెప్పు చాలు. ఆ చీటీ నాకిచ్చెయ్."

పెద్దక్క ఒక్క కంటితో కూర తరుగుతోంది. కత్తి ఎక్కడ పడుతుందో వేలితో తడిమి చూసుకుని మరీ కోస్తోంది. "మరి ఆయన?"

"ఆయనకేం, ఇంకో నాలుగు చోట్ల పిలుస్తారు. మాకు ఈ బ్రాంచి పోతే మళ్ళీ రాదు."

"రేపు నా బదులు నువ్వే చెప్తావేమో అనుకున్నాను" అంది పెద్దక్క. ఎగతాళి చేసిందో నిజంగానే అందో నాకు తెలియలేదు. చిన్నక్కకీ తెలియలేదు.

మరునాడు పెద్దాయన గదిలో ఆయన, బావ, డాక్టరు, మేం ముగ్గురం. బావ నేల చూస్తున్నాడు. "చెప్పమ్మా, డాక్టరుగారు మీ కంటి గురించి మిమ్మల్ని అడిగారా లేదా?" అన్నాడు పెద్దాయన.

చిన్నక్క అలవాటు కొద్దీ నోరు తెరిచింది. "అక్కని..."

"నేను చెప్తాను" అంది పెద్దక్క. ఆ గదిలో ఎవరూ అంతకుముందు ఆవిడ గొంతు సరిగ్గా విని ఉండరు. "నన్ను అడగలేదండీ. నా తరఫున మా చెల్లెల్ని అడిగారు. లేదని చెప్పింది. నా కంటి సంగతి దానికి తెలుసు. తెలిసే చెప్పింది. ఆయన కూడా నన్నే అడిగి ఉండాల్సింది, లోపలి గది ఎంత దూరమని. అది ఆయన తప్పు. మిగతాది మాది." చీటీ తీసి బల్ల మీద పెట్టింది. "చదివి మళ్ళీ నాకు ఇచ్చెయ్యండి."

డాక్టరు తల దించుకున్నాడు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. బ్రాంచి బావకి రాలేదు. మేనేజరు పని కూడా నెల తిరక్కుండా పోయింది. డాక్టరు ఉన్నాడు. మనిషినే ఎదురుగా కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడని విన్నాను. మిగిలిన కోట్లు అవతలి కొట్టుకి వెళ్ళాయి. పెద్దక్క ఇంట్లో కంబళ్ళకి అంచులు కుట్టేది, లావు సూదితో, చేత్తో తడిమి చూసుకుంటూ. దగ్గు మందుకి వెళ్ళినా తన కంటి కథంతా షాపువాడికి మొదటి నుంచీ చెప్పేది. వెనక వరుసలో జనం విసుక్కునేవాళ్ళు. ఆవిడ ఆపేది కాదు. చిన్నక్క వాళ్ళు వేరే పేటకి మారిపోయారు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, సొంత అక్కే పరాయివాడి కోసం మా కడుపు కొట్టిందని చెప్పేది. ఇప్పటికీ చెప్తుంది. వినేవాళ్ళలో సగం మంది నమ్ముతారు. తన బాధ కూడా నిజంలాగే ఉంటుంది మరి. నేను ఇద్దరిళ్ళకీ వెళ్ళేవాణ్ణి. ఒకరి సంగతి ఇంకొకరు అడిగేవారు కాదు.

ఆ రోజు పెద్దాయన గదిలోంచి బయటికి వచ్చాక మెట్ల దగ్గర చిన్నక్క అడ్డంగా నిలబడింది. మొహం ఎర్రగా ఉంది.

"నా సంసారం ముంచావక్కా."

"నేనేమీ అనలేదే. నువ్వన్నదే వాళ్ళకి వినిపించాను" అంది పెద్దక్క.

ఒక కంటికి మెట్టు ఎంత కిందికి ఉందో తెలియదు. పెద్దక్క మొదటి మెట్టు అంచున పాదంతో తడుముకుంటోంది. కోపంలో ఉండి కూడా చిన్నక్క అలవాటు కొద్దీ ఒక మెట్టు కిందికి దిగి, పట్టుకోవడానికి భుజం ఇచ్చి నిలబడింది. పెద్దక్క ఆ భుజం వైపు ఎడమ కన్ను తిప్పి చూసింది. చెయ్యి వేయలేదు. జరగమని కూడా అనలేదు. అలాగే నిలబడిపోయింది. కింద ఇస్త్రీ వాళ్ళు పని ఆపి చూస్తున్నారు. చివరికి చిన్నక్కే పక్కకి తప్పుకుంది. పెద్దక్క గోడకి అరచెయ్యి ఆనించి, ఒక్కో మెట్టూ పాదంతో వెతుక్కుంటూ దిగింది. ఆవిడ పట్టుకుంటుందేమోనని నేను వెనకాలే నడిచాను. నన్ను కూడా పట్టుకోలేదు.